పాఠకుల ప్రశ్నలు: గ్లాసులో తిప్పే రంగు పుల్లల కథ

ప్రశ్న: మా చిన్నబాపు చాలా ఏళ్లు దుబాయ్ హోటళ్లలో పని చేసి ఊరికి తిరిగి వచ్చారు. ఆయన పెట్టెలో జానెడు పొడవున్న రంగురంగుల ప్లాస్టిక్ పుల్లలు ఉన్నాయి. కొన్నింటి కొసన ఈతచెట్టు, జిరాఫీ, కత్తి బొమ్మలు, మరికొన్నింటి మీద హోటళ్ల పేర్లు ఉన్నాయి. కాక్‌టెయిల్ కలిపే పుల్లలని ఆయన చెప్పారు. ఇంత చిన్న పనికి అంత అలంకారం ఎందుకు? వీటిని పాడవకుండా ఎలా దాచాలి?
– ఒక పాఠకురాలు, జగిత్యాల

జవాబు: స్విజిల్ స్టిక్ అనే ఒకే పేరుతో పిలిచే ఈ పుల్లలకు రెండు వేర్వేరు పుట్టుకలు ఉన్నాయి. మీ దగ్గర ఉన్నవి రెండో తెగకు చెందినవి. అయినా మొదటిదాని గురించి ముందుగా చెప్పాలి, ఎందుకంటే పనితనమంతా దానిదే.

కరీబియన్ దీవుల్లో క్వారరీబియా టర్బినాటా అనే చిన్న చెట్టు ఉంది. దాని రెమ్మలు కణుపు దగ్గర అన్ని వైపులకూ విచ్చుకుని పెరుగుతాయి. ఆ కణుపుతో సహా కొమ్మను నరికి, పక్క రెమ్మలను పొట్టిగా కోసి, బెరడు ఒలిచి ఆరబెడితే మన సల్ల చిలికే కవ్వం వంటి పనిముట్టు తయారవుతుంది. తాడు మాత్రం ఉండదు, రెండు అరచేతుల మధ్య పెట్టి గిరగిరా తిప్పుతారు. మార్టినిక్ దీవిలో బువా లెలే అనే ఈ కొమ్మను వంటింట్లోనూ వాడతారు. రమ్, నిమ్మరసం, చక్కెర పాకం, దంచిన మంచుగడ్డ పోసిన పొడవాటి గ్లాసులో దీన్ని తిప్పితే మంచు త్వరగా కరిగి పానీయం అడుగు నుంచి పై వరకు ఒకే తీరున చల్లబడుతుంది, గ్లాసు బయట తెల్లని నూగు కడుతుంది. ఆ నూగు కట్టేదాకా చిలకాల్సిందే.

ఇక రెండో తెగ సంగతి. అమెరికాలో 1920లో మొదలైన మద్యనిషేధం 1933 డిసెంబరులో ముగిసింది. బార్లు మళ్లీ తెరుచుకున్న ఆ రోజుల్లోనే జే సిండ్లర్ అనే వ్యక్తి బోస్టన్‌లోని రిట్జ్ కార్ల్‌టన్ హోటల్ బార్‌లో కూర్చుని, మార్టినీ అనే కాక్‌టెయిల్ గ్లాసు అడుగున ఉన్న ఆలివ్ కాయను వేళ్లు ముంచకుండా తీయడం ఎలాగని ఆలోచించాడని చెబుతారు. ఒక కొస ఈటెలా మొనదేలి, రెండో కొస పేరు అచ్చు వేయడానికి వీలుగా పలకలా ఉండే పుల్లకు ఆయన 1935లో పేటెంట్ పొందాడు. మీ మొదటి ప్రశ్నకు సమాధానం ఆ పలకలోనే ఉంది. కలపడానికి ఏ పుల్లైనా సరిపోతుంది. తాగినవారు జేబులో వేసుకుని వెళ్లి, ఇంట్లో నలుగురికీ చూపించాలన్నదే హోటల్ యజమాని కోరిక. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ప్లాస్టిక్‌ను అచ్చుల్లో పోయడం చవకయ్యాక పలక స్థానంలో బొమ్మలు వచ్చాయి, విమానయాన సంస్థలూ తమ పేర్లతో చేయించుకున్నాయి. అందుకే నా దృష్టిలో బొమ్మ ఉన్న పుల్ల కన్నా ఊరి పేరు, హోటల్ పేరు స్పష్టంగా ఉన్న పుల్లే విలువైనది. చిన్నబాపును అడిగి, ఏది ఎక్కడిదో ఒక్కో దాని పక్కన చీటీ మీద ఇప్పుడే రాసిపెట్టండి.

దాచే విషయానికి వస్తే, వేసవిలో ఎండ తగిలే అల్మారాలోనో, రేకుల కప్పు కింది అటక మీదనో పెడితే పాత ప్లాస్టిక్ వంగిపోతుంది, రంగు వెలుస్తుంది. గోరువెచ్చని సబ్బు నీళ్లతో కడిగి మెత్తని గుడ్డతో తుడవండి. స్పిరిట్, థిన్నర్, గోళ్ల రంగు తుడిచే ద్రవం తగలనీయకండి. పాలిస్టైరిన్ అనే ప్లాస్టిక్‌తో చేసిన పుల్లయితే పగుళ్లు బారుతుంది, లేదా కరిగిపోతుంది.

ప్రశ్న: పెళ్లి విందులో నిమ్మ షర్బతుకు ఇలాంటి పుల్లలు పెట్టాలనుకుంటున్నాము. ప్లాస్టిక్‌వి దొరకడం లేదు. పెంబర్తి ఇత్తడి పనివారితో చేయించవచ్చా?
– ఒక పాఠకుడు, హన్మకొండ

జవాబు: ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ కలిపే పుల్లలను మన దేశంలో 2022 జులై 1 నుంచి నిషేధించారు. పెంబర్తి పనితనం మీద నాకు ఎంతో గౌరవం ఉన్నా, పులుపు తగిలే చోట కళాయి లేని ఇత్తడి వద్దు. నిమ్మరసంలోకి రాగి దిగుతుంది. పుల్లను స్టీలుతో చేయించి, గ్లాసులో మునగని పై కొసకు మాత్రం పెంబర్తి నగిషీ పెట్టించండి.