రాజు తల తీసినచోటే చక్రవర్తి

ప్రశ్న: 1793లో రాజును గిలటిన్ ఎక్కించిన ఫ్రెంచివాళ్ళు 1804 కల్లా ఒక చక్రవర్తిని ఎలా ఒప్పుకున్నారండీ? పదకొండేళ్ళలో జనం అంత మారిపోతారా? మా పుస్తకంలో విప్లవం ఒక పాఠం, నెపోలియన్ ఇంకో పాఠం. రెంటికీ లంకె దొరకడం లేదు.
– డిగ్రీ విద్యార్థిని, తణుకు

జవాబు: లంకె దొరక్కపోవడం నీ తప్పు కాదమ్మా. నేను పాఠాలు చెప్పిన రోజుల్లోనూ అంతే. గంట కొడితే విప్లవం అయిపోయేది, మర్నాడు నెపోలియన్ మొదలయ్యేవాడు.

జనం మారలేదు. విప్లవంలో చేతికొచ్చింది జారిపోకుండా కాపాడేవాడి కోసం చూశారు, అంతే. ఏం వచ్చింది చేతికి? భూమి. 1788 నాటికి ఫ్రెంచి ఖజానా రాబడిలో సగానికి పైగా పాత అప్పులు తీర్చడానికే పోయేది. ఆ దివాలాలోంచి బయటపడటానికి 1789 నవంబరు 2న జాతీయ సభ చర్చి ఆస్తులన్నీ దేశపరం చేసి, తర్వాత వేలానికి పెట్టింది. పరాయి దేశాలకు పారిపోయిన ప్రభువుల భూములూ ఆనక అదే దారి పట్టాయి. పాడుకున్నది ఎవరు? పట్నాల్లోని వకీళ్ళు, వర్తకులు, చేతిలో నాలుగు డబ్బులున్న రైతులు. కాగితపు డబ్బు విలువ పడిపోవడంతో వాయిదాల్లో కట్టినవాళ్ళకు భూమి కారుచౌకగా దక్కింది. ఇప్పుడు పాత రాజవంశం తిరిగొచ్చిందనుకో, ఆ పొలాల గతేమిటి? వాళ్ళకు నిద్ర పట్టనివ్వని ప్రశ్న అదే.

1804 డిసెంబరు 2న నోట్రడామ్ చర్చిలో పోప్ కూర్చుని చూస్తుండగా నెపోలియన్ కిరీటం తానే తీసి పెట్టుకున్నాడని అందరూ చెబుతారు. నన్నడిగితే ఆ రోజు వినాల్సింది ఆయన చేసిన ప్రమాణం. గణతంత్ర భూభాగాన్ని కాపాడతానన్నాడు. దాంతోపాటు జాతీయ భూముల అమ్మకాలను తిరగదోడననీ ప్రమాణం చేశాడు. పట్టాభిషేకంలో పొలం పట్టాలకు పూచీ! నాణేల మీద కూడా 1808 దాకా ఒకవైపు ‘నెపోలియన్ చక్రవర్తి’ అనీ, రెండోవైపు ‘ఫ్రెంచి గణతంత్రం’ అనీ ఉండేది. ఆ నాణెం బొమ్మ మీ పుస్తకంలో వేసి ఉంటే నువ్వు నాకు ఉత్తరం రాయాల్సిన పని ఉండేది కాదు.

ఇక అధికారం సంగతి. పదహారో లూయీ నిరంకుశుడని మనం బట్టీ పట్టాం. ఆయన శాసనం చేస్తే దాన్ని పార్లెమాలనే కోర్టులు నమోదు చేసుకోవాలి, అవి మొండికేసేవి. కొన్ని ప్రాంతాలకు సొంత సభలు. ఉప్పు పన్ను ఒక్కో చోట ఒక్కోలా ఉండేది, బ్రిటనీలో అసలు లేనే లేదు. రాజుకూ ఊరికీ మధ్య ఇన్ని అడ్డుగోడలు. విప్లవం వాటన్నిటినీ కూల్చి, 1790లో దేశాన్ని 83 డిపార్టుమెంట్లుగా కోసింది. 1800 ఫిబ్రవరిలో నెపోలియన్ ఒక్కో దానికీ ఒక ప్రిఫెక్టును వేశాడు, మన కలెక్టరులాంటివాడిని. పారిస్ చెప్పింది ఊళ్ళో జరగడం మొదలైంది. ఏ లూయీకీ దొరకని అధికారం అది. దానికి దారి చదును చేసింది లూయీని చంపినవాళ్ళే.

సైన్యమూ వాళ్ళు ఇచ్చిందే. 1793 ఆగస్టు 23 శాసనంతో 18 నుంచి 25 ఏళ్ళ లోపు పెళ్ళికాని యువకులందరికీ ముందుగా పిలుపు వెళ్ళింది. వాళ్ళను పోషించేదెలా? పక్కదేశం సొమ్ముతో. 1796లో ఇటలీ వెళ్ళిన నెపోలియన్ మిలాన్, పార్మా, మొదెనాల నుంచి డబ్బు, బొమ్మల పటాలు పిండుకుని పారిస్‌కూ వాటా పంపాడు. దివాలా సర్కారు తన సేనాని పంపే డబ్బుకు అలవాటు పడ్డాక అతణ్ణి కాదనేదెవరు? 1799 నవంబరులో శాసనసభ సభ్యులను తుపాకీ సిపాయిలే బయటికి తరిమారు, అధికారం నెపోలియన్ చేతికొచ్చింది.

ప్రశ్న: 1815లో నెపోలియన్ ఓడాక పాత రాజులు తిరిగొచ్చారు కదా, అంతా బూడిదలో పోసిన పన్నీరేనా?
– ఉపాధ్యాయుడు, ఖమ్మం

జవాబు: రాజులు వచ్చారు, పాత రాజ్యం రాలేదు మాస్టారూ. నెపోలియన్ మొదటిసారి గద్దె దిగిన 1814లోనే, పాత వంశపు పద్దెనిమిదో లూయీ ఇచ్చిన రాజ్యాంగ పత్రంలో, అమ్ముడైన జాతీయ భూముల జోలికి వెళ్ళబోమని రాసుకున్నాడు. ప్రిఫెక్టులను ఉంచుకున్నాడు, నెపోలియన్ తెచ్చిన 1804 నాటి పౌరస్మృతినీ ఉంచుకున్నాడు. చేతికొచ్చిన పగ్గాలు ఏ రాజు వదులుకుంటాడు? జర్మన్ రాజ్యాల కూటమిలాంటి పవిత్ర రోమన్ సామ్రాజ్యం 1806లో రద్దయింది, దాన్ని ఎవరూ లేపలేదు. అదే ఏడాది యేనా దగ్గర నెపోలియన్ చేతిలో చావుదెబ్బ తిన్న ప్రష్యా అనే జర్మన్ రాజ్యపు రాజు, 1807 అక్టోబరులో రైతుల కట్టుబానిసత్వాన్ని తీసేస్తున్నట్టు శాసనం చేశాడు. విప్లవం రాకుండా ఉండాలంటే దాని పనుల్లో కొన్ని రాజే చేయాలన్నమాట. ఫ్రాన్సులోని పో పట్టణంలో ఒక న్యాయవాది కొడుకు, సామాన్య సిపాయిగా చేరి నెపోలియన్ దగ్గర మార్షల్ అనే పెద్ద సేనాని అయిన బెర్నడాట్, 1818లో స్వీడన్ రాజయ్యాడు. ఇప్పటికీ అక్కడ ఆ వంశమే.

పొగడ్తగా తీసుకోకండి. 1794లో విప్లవ సభ వలసల్లో రద్దుచేసిన బానిసత్వాన్ని 1802లో నెపోలియన్ మళ్ళీ తెచ్చాడు. కరీబియన్ దీవిలోని ఫ్రెంచి వలస సెయింట్ డొమింగ్ నల్లజాతివాళ్ళు ఆయన సైన్యాన్ని ఓడించి 1804 జనవరి 1న హైతీగా స్వతంత్రం ప్రకటించుకున్నారు. భార్య భర్తకు లోబడి ఉండాలని రాసింది కూడా ఆ మెచ్చుకునే పౌరస్మృతే. ఈ రెండూ నేను ఆయనకు మాఫీ చేయలేను.

ప్రశ్న: ఇదంతా ఎక్కడో జరిగిన గొడవ. మనకేం సంబంధం?
– పాఠకుడు, కడప

జవాబు: మీ ఊరివాళ్ళే అలా అంటే ఎలాగండీ! 1798లో నెపోలియన్ ఈజిప్టులో దిగాడు. హైదరాబాదులో నిజాంకు ఫ్రెంచి అధికారుల చేతికింద పెద్ద సైన్యం ఉంది. దాన్ని పెంచిన ఫ్రెంచి సేనాని రేమండ్ ఆ మార్చిలోనే పోయాడు, ఆస్మాన్‌గఢ్ గుట్టమీద సమాధి చూడొచ్చు. గవర్నర్ జనరల్ వెల్లస్లీ ఫ్రెంచి భయాన్ని బాగా వాడుకున్నాడు. సెప్టెంబరులో నిజాంతో ఒప్పందం రాయించి, అక్టోబరులో ఆ పటాలాన్ని నిరాయుధం చేయించాడు. బదులుగా వచ్చిన ఈస్టిండియా కంపెనీ సైన్యానికి ఖర్చు ఎవరు పెట్టాలి? మైసూరు యుద్ధాల్లో తన వాటాకు వచ్చిన కడప, అనంతపురం, బళ్ళారి సీమలను 1800లో నిజాం కంపెనీకి రాసిచ్చాడు. దత్తమండలాలంటే అవే. వాటికి తొలి ప్రధాన కలెక్టరుగా థామస్ మన్రో వచ్చాడు.