డ్రైవర్ లోడ్ చేస్తే మెషీన్ బిగుసుకుపోతా ఉంది

ప్రశ్న: సార్, నాది అనంతపురం, ఇంజినీరింగ్ ఫైనలియర్. లినక్స్‌లో చిన్న డ్రైవర్ రాసినా, కాసేపటికే సిస్టమ్ మొత్తం బిగుసుకుపోతా ఉంది. ఫంక్షన్ లోపల 12 కేబీ లోకల్ బఫర్ పెట్టినా, అదేనా కారణం?

జవాబు: చాలామటుకు అదే నాయనా, ముందు దాన్ని తీసెయ్. మామూలు ప్రోగ్రామ్‌కి లినక్స్‌లో సాధారణంగా 8 ఎంబీ దాకా స్టాక్ (ఫంక్షన్ల లోకల్ వేరియబుల్స్ ఉండే మెమరీ) దొరుకుతుంది, అదే నీ డ్రైవర్ నడిచే కెర్నల్లో (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయలో) అయితే 64 బిట్ ఇంటెల్ మెషీన్ల మీద ఒక్కో థ్రెడ్‌కి 16 కేబీనే, 2014కి ముందు 8 కేబీనే ఉండేది, నిండితే పెరగదు కూడా. నీ బఫరే 12 తినేస్తే నిన్ను పిలిచిన ఫంక్షన్లు, నువ్వు పిలిచేవి అన్నీ ఆ మిగిలిన 4లోనే సర్దుకోవాల కదా. కంపైల్ చేసేటప్పుడు ఫ్రేమ్ సైజు (ఒక్క ఫంక్షన్ వాడే స్టాక్) 2048 బైట్లు దాటిందని వార్నింగ్ వచ్చే ఉంటుంది, దాన్ని ఎప్పుడూ వదిలెయ్యద్దు.

బఫర్‌ని స్టాక్ మీద కాకుండా కేమాలక్‌తో (kmalloc, కెర్నల్‌ని విడిగా మెమరీ అడిగే ఫంక్షన్) తీసుకో, నల్ (మెమరీ దొరకలేదని గుర్తు) వచ్చిందేమో చూసుకో, పనయినాక కేఫ్రీతో (kfree) తిరిగిచ్చెయ్యి. రికర్షన్ (ఫంక్షన్ తనని తానే పిలుచుకోవడం) జోలికి పోవద్దు.

స్టాక్ ఎంత వాడుతుందో కొలవాలంటే, కెర్నల్లోనే ఉండే ఎఫ్‌ట్రేస్ (ftrace) అనే సాధనంలో స్టాక్ ట్రేసర్ ఆన్ చేసి డ్రైవర్‌ని గట్టిగా వాడి, స్టాక్_మ్యాక్స్_సైజ్ ఫైల్ చూడు, పక్కనే స్టాక్_ట్రేస్‌లో ఏ ఫంక్షన్ ఎన్ని బైట్లు తినిందో వరసగా కనపడుతుంది, నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే. కెర్నల్ కాన్ఫిగరేషన్‌లో వీమ్యాప్ స్టాక్ (VMAP_STACK) ఆప్షన్ కూడా ఆన్‌లో ఉంచు, స్టాక్ హద్దు దాటగానే అక్కడ కాపలాగా పెట్టిన గార్డ్ పేజీ పట్టేస్తుంది, లేకుంటే పక్క మెమరీ చడీచప్పుడు లేకుండా పాడైపోతుంది.