గంట తీగ మీద చెయ్యి వేయకు

చిరంజీవి మేనల్లుడికి ఆశీస్సులు.

ఒంగోలులో మీ అపార్ట్‌మెంటు అసోసియేషన్‌కు కార్యదర్శివి అయ్యావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. సంతోషం. కానీ ఫైర్ అలారం ఊరికే మోగుతోందని గట్టిగా కూసే హూటరు తీగ ఊడదీయాలని తీర్మానం చేశారట. ఆ పని మాత్రం చేయవద్దు. నిజంగా పొగ కమ్మిన రాత్రి పై అంతస్తులోని పెద్దవాళ్ళను ఎవరు లేపుతారో, ఆ తీర్మానానికి చెయ్యి ఎత్తినవాళ్ళను అడుగు.

నెల్లూరులో మేమూ ఈ బాధ పడ్డాం. మొదటిసారి మోగినప్పుడు అందరం మెట్లు దిగి కిందికి వచ్చాం. మూడోసారికి సగం మంది వచ్చారు. ఆరోసారి కింద నిలబడింది నేను, వాచ్‌మన్, అతని కుక్క. నాకు అసలు భయం వేసింది ఆ రోజే.

మర్నాడు ఒక నోటుపుస్తకం కొని, అలారం ఎక్కడ మోగిందో దీపం వెలిగించి చూపే పెట్టె, అదే ప్యానెల్, దాని పక్కన మేకుకు కట్టాను. మోగినప్పుడల్లా తేదీ, సమయం, ప్యానెల్ మీద వెలిగిన జోన్ (అంటే భవనంలో ఏ భాగమో), అప్పుడు అక్కడ ఏం జరుగుతోంది, ఇవి రాయాలి. రెండు నెలలు తిరిగేసరికి పుస్తకమే దొంగను పట్టించింది. రెండో అంతస్తు కారిడార్, ఆదివారం, పదకొండు దాటాక. వెళ్ళి చూస్తే ఒక ఇంట్లో చేపల వేపుడు. పొగ పోవాలని ఆ ఇల్లాలు వీధి తలుపు బార్లా తెరిచేది. పొగ తిన్నగా కారిడార్‌లో పొగను పసిగట్టే డిటెక్టర్ కిందికి వచ్చేది. వేపుడు మానమని చెప్పే ధైర్యం నెల్లూరులో ఎవరికీ లేదు కాబట్టి, వీధి తలుపు మూసి, వంటింటి కిటికీ తెరిచి, ఎగ్జాస్ట్ ఫ్యాను వేయమన్నాం. ఆ జోన్ మళ్ళీ పుస్తకంలోకి ఎక్కలేదు.

పాపం, డిటెక్టర్‌ను తిట్టి లాభం లేదు. మామూలుగా వాడే రకంలో చీకటి గదిలాంటి చిన్న అర ఉంటుంది. అందులో ఒక కాంతి వెలుగుతూ ఉంటుంది. పొగ రేణువులు లోపలికి వెళ్ళి ఆ కాంతిని చెదరగొడితే పక్కనున్న కన్ను పట్టుకుంటుంది. ఆవిరి అయినా, సాంబ్రాణి అయినా, టైల్స్ కోసిన దుమ్ము అయినా దానికి ఒకటే. మాది ఒకటి మెకానిక్ విప్పితే లోపల సాలీడు గూడు కట్టుకుని కాపురం ఉంది! అందుకే ఏడాదికోసారైనా తెలిసినవాడితో శుభ్రం చేయించు. తడిగుడ్డతో తుడవనివ్వకు. వంటింట్లో పొగ డిటెక్టర్ ఉంటే దాని స్థానంలో వేడిని పసిగట్టేది పెట్టించు. అది సుమారు 57 డిగ్రీల దగ్గర మోగుతుంది, తాలింపు ఘాటుకు ఉలిక్కిపడదు. అయితే గ్యాసు లీకును ఈ రెండూ పట్టవు, ఆ సంగతి అందరికీ చెప్పు.

ఎవరి ఇంట్లోనైనా మరమ్మతులు మొదలైతే ముందే చెప్పాలని నియమం పెట్టు. పని జరిగే చోట డిటెక్టర్‌కు టోపీ తొడిగి, సాయంత్రం తప్పకుండా తీయాలి. ఎన్ని తొడిగారో, ఎన్ని తీశారో వాచ్‌మన్ లెక్క చూడాలి. మా దగ్గర ఒక పెయింటరు గోడతోపాటు డిటెక్టర్‌కు కూడా తెల్లరంగు వేసి పోయాడు. దాన్ని మార్చక తప్పలేదు.

మంట చూసినవాళ్ళు నొక్కి అలారం మోగించడానికి లిఫ్టు పక్కనున్న ఎర్ర పెట్టెను పిల్లలు నొక్కుతుంటే పైన ఎత్తి తెరిచే మూత బిగిస్తే చాలు. మీ వైపు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలు కదా, పైకప్పు నీరు జంక్షన్ బాక్సుల్లోకి కారకుండా వానలకు ముందే చూడు.

ఇక మోగినప్పుడు. ఊరికే మోగిందని అనుకోకుండా ముందు జనం దిగాలి. పొగ కనిపిస్తే వెంటనే 101. ఏ జోనో చూసి, ఆ చోటికి మనిషి వెళ్ళి వచ్చేదాకా రీసెట్ నొక్కకూడదు. ముందే నొక్కితే వెలిగిన దీపం ఆరిపోయి, కారణం దొరకదు.

సంక్రాంతికి వస్తాను. ఈలోపు పుస్తకం మొదలుపెట్టు. ప్యానెల్ తాళంచెవి ఎవరి దగ్గర ఉందో కూడా కనుక్కో. మాది మూడేళ్ళు ఎవరికీ తెలియలేదు.

ఇట్లు,
మీ మామయ్య,
దర్గామిట్ట, నెల్లూరు