కేకు వాసన

చిరంజీవి చిట్టికి, మామయ్య ఆశీస్సులు.

ఇంట్లోనే కేకుల వ్యాపారం మొదలుపెడుతున్నావనీ, 3000 వాట్ల ఓవెన్ కొన్నావనీ అక్క ఫోనులో చెప్పింది. పొంగిపోయాను. ఆ రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు. మీది పాతికేళ్ల నాటి ఫ్లాటు కదా.

లెక్క చిన్నదే. 3000 వాట్లను ఇంటి కరెంటు 230 వోల్టులతో భాగిస్తే 13 ఆంపియర్లు. మెయిన్ బోర్డు నుంచి ఓవెన్‌కంటూ విడిగా లైను లాగించు. 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ, 16 ఆంపియర్ల ఎంసీబీ (కరెంటు మితిమీరితే తనంతట తానే పడిపోయే స్విచ్చు), 16 ఆంపియర్ల సాకెట్టు. కరెంటు తిరిగి వెళ్లే న్యూట్రల్ తీగ కూడా అంతే మందం ఉండాలి. ఎక్స్‌టెన్షన్ బాక్సు పేరెత్తావంటే నేనే వచ్చి పట్టుకుపోతాను.

ఇక నా ఘనకార్యం విను. వైరింగ్ పని నేర్చుకున్న కొత్తలో మీ అమ్మమ్మకు గుండ్రటి అల్యూమినియం ఓవెన్ కొనిచ్చాను. పక్కనే నీళ్ల హీటరు. రెండూ వేస్తే ఫ్యూజు కాలిపోయేది. రెండుసార్లు కట్టాను. మూడోసారి విసుగొచ్చి ఫ్యూజు తీగను మూడు పేటలు పేని బిగించాను. ఆ తర్వాత కాలలేదు. పెద్ద పనివాడినైనట్టు మురిసిపోయాను. పండుగ రోజు కేకు వాసనలో ఏదో తేడా వచ్చింది. మాడుతోందేమో, తీసెయ్ అన్నాను. అమ్మ ఓవెన్ మూత తెరిచి చూసి, "కేకు బాగానే ఉందిరా, గోడ మాడుతోంది" అంది. గోడ మీద తీగలు నడిచే చెక్క పట్టీ మూరెడు పొడవునా నల్లబడింది. లోపల తీగల తొడుగు కరిగి అతుక్కుపోయింది. ఫ్యూజు ఉన్నదే ఆ తీగలను కాపాడటానికి. దాని నోరు మూయించింది నేను! అమ్మ తిట్టలేదు. కేకు ముక్క చేతిలో పెట్టింది. తినలేకపోయాను.

అందుకే చెబుతున్నాను. ఎంసీబీ పదే పదే పడిపోతోందని ఎవడైనా 32 ఆంపియర్లది బిగిస్తానంటే గుమ్మం దాటించు. కేకులకు గంటల తరబడి ఓవెన్ వేడి మీదే ఉంటుంది. సన్న తీగ అంతసేపు ఓర్చుకోలేదు.

సాకెట్టుకు మూడో రంధ్రం ఉంది కదా అని ఎర్త్ (లీకైన కరెంటును నేలలోకి పంపే తీగ) ఉన్నట్టు కాదు. పాత ఇళ్లలో దాని వెనక తీగే ఉండకపోవచ్చు, పరీక్ష చేయించు. కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్చు, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ, లేకపోతే పెట్టించు. ఖర్చు నాది, అక్కకు చెప్పకు.

మొదటి రోజు ఓవెన్ అరగంట నడిచాక స్విచ్చు ఆపి ప్లగ్గు ముట్టుకో. చురుక్కుమంటే మళ్లీ వేయకుండా నాకు ఫోను చెయ్యి. అర్ధరాత్రయినా సరే, ఎలాగూ మెలకువగానే ఉంటాను.

మీ మామయ్య