పైలట్ హెడ్‌సెట్‌లో ఏఎన్‌ఆర్ (హోరును అణచే ఎలక్ట్రానిక్ ఏర్పాటు) ఆన్ చేసినా హోరు తగ్గట్లేదంటే ముందు కళ్లజోడు చూడండి
కారణం హెడ్‌సెట్ కాకపోవచ్చు, మీ చలువ కళ్లజోడు కాడలే అయ్యుంటాయి. సెస్నా 172 అనే చిన్న విమానంలో హోరు తగ్గట్లేదు, ఇంకా ఖరీదైన హెడ్‌సెట్ కొనాలా అన్నారు కదా. అప్పుడే వద్దు. లావు కాడ చెవి కుషన్‌ని కాస్త పైకెత్తుతుంది. ఆ సందులోంచి దూరేది ఇంజిన్ బొంగురు మోతే. ఏఎన్‌ఆర్ అణచాల్సిందీ సరిగ్గా దాన్నే.

1. రనప్‌లో (టేకాఫ్‌కి ముందు నేల మీదే ఇంజిన్‌ని పరీక్షించేటప్పుడు), బ్రేకులు ఇన్‌స్ట్రక్టర్ చూసుకుంటుండగా, హెడ్‌సెట్ రెండు చెవి కప్పుల్నీ అరచేతులతో నొక్కండి. మోత తగ్గిందా? సందు ఉన్నట్టే.

2. కళ్లజోడు తీసి మళ్లీ వినండి. చాలామంది ఇది చెయ్యకుండానే కొత్త సెట్ ఆర్డర్ పెట్టేస్తారు. తేడా తెలిస్తే సన్నటి కాడల ఫ్రేము తీసుకోండి. పోలరైజ్డ్ మాత్రం వద్దు, కొన్ని కాక్‌పిట్ తెరలు నల్లగా కనిపిస్తాయి. టోపీ అంచు, చెవి మీది జుట్టు కూడా లావు కాడలాగే సందు చేస్తాయి.

3. తేడా లేదా? బ్యాటరీలు మార్చండి. కుషన్లు గట్టిపడి ఉంటే అవి విడిగా దొరుకుతాయి.

అప్పటికీ కొనాల్సొస్తే జంట ప్లగ్గులున్నదే (మైకుకొకటి, చెవులకొకటి) తీసుకోండి, ఒంటి ప్లగ్గుది హెలికాప్టర్లకి. మామూలు బ్లూటూత్ హెడ్‌ఫోన్స్ జోలికి వెళ్లకండి, పెదాల దగ్గరికొచ్చే మైకు వాటికి ఉండదు.