ఎండలో ఫ్లాష్ ఎందుకంటే

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

అంబాజీపేట కొబ్బరి ఒలుపు కార్మికుల మీద నువ్వు రాసిన కథనం, ఫొటోలు అందాయి. రాత బాగుంది. ఫొటోల్లో మాత్రం తలపాగా కింద కళ్లుండాల్సిన చోట నల్లటి గుంటలున్నాయి. తన కూలి గురించి అంత వివరంగా మాట్లాడిన మనిషి ముఖమే పాఠకుడికి కనిపించకపోతే అన్యాయం కాదూ?

పొద్దున్నే తీసుకో, మధ్యాహ్నం వద్దు అని చాలామంది చెబుతారు. నేను చెప్పను. వాళ్ల పని ఎండలో అయితే ఫొటో కూడా ఎండలోనే తీయాలి. సూర్యుడు నడినెత్తిన ఉన్నప్పుడు నుదురు, ముక్కు వెలిగిపోతాయి, కనుబొమల కింద నీడ చిక్కబడుతుంది. ఆ నీడలోనూ మన కంటికి ముఖం తెలుస్తుంది, కెమెరాకు అంత శక్తి లేదు. అక్కడికి కాస్త వెలుగు పంపడమే ఫిల్ ఫ్లాష్ పని.

ముందు ఫ్లాష్ సంగతి పక్కనపెట్టి ఎండకు లెక్క సరిచూసుకో. మబ్బులేని ఎండకు ఐఎస్ఓ (వెలుగును పట్టే సున్నితత్వం) 100, షట్టర్ తెరిచి ఉండే సమయం సెకనులో 200వ వంతు, అపెర్చర్ (లెన్సు రంధ్రం) ఎఫ్/11 దాదాపు సరిపోతాయి. చాలా కెమెరాల్లో ఫ్లాష్‌తో షట్టర్ 200 లేదా 250వ వంతు దగ్గరే ఆగుతుంది. అంతకంటే వేగంగా షట్టర్ నడిచినా ఫ్లాష్ పనిచేసే హై స్పీడ్ సింక్ ఉంటే దాటవచ్చు గానీ ఫ్లాష్ బలం బాగా పడిపోతుంది.

ఇప్పుడు ఫ్లాష్‌ను ఒకటిన్నర స్టాపు తగ్గించు (ఒక స్టాపు తగ్గితే వెలుగు సగమవుతుంది). కిటుకంతా ఇక్కడే ఉంది. తగ్గించకపోతే స్టూడియోలో తీసిన ముఖాన్ని కొబ్బరితోట మీద అతికించినట్టుంటుంది. కంట్లో చిన్న వెలుగు చుక్క, తలపాగా అంచు కింద చర్మపు రంగు, కళ్ల పక్కన ముడతలు కనిపిస్తే చాలు. నీడను పూర్తిగా చెరిపెయ్యకు. ఎండ ఎంత తీవ్రంగా ఉందో పాఠకుడికి చెప్పేది ఆ నీడే.

కెమెరాలోనే ఉండే చిన్న ఫ్లాష్‌కు గైడ్ నంబరు, అంటే దాని బలాన్ని చెప్పే అంకె, సుమారు 12 అనుకో. దాన్ని ఎఫ్/11లోని 11తో భాగిస్తే వెలుగు పూర్తిగా అందే దూరం మీటరు పైచిలుకు వస్తుంది. మనం తగ్గించి వాడుతున్నాం గనుక రెండు మీటర్ల లోపు నిలబడితే పని జరుగుతుంది. దూరం రెట్టింపైతే అందే వెలుగు నాలుగో వంతే. చెట్టెక్కిన దింపు కార్మికుడి మీద దాన్ని వృథా చేయకు.

సాయంత్రం అంతర్వేది తీరంలో తీస్తే ఫ్లాష్‌కు నారింజ రంగు జెల్ (పారదర్శకమైన రంగు కాగితం) తొడుగు, లేకపోతే ముఖం పాలిపోతుంది. చెమట పట్టిన నుదురు మెరిసిపోతుంటే ఓ అడుగు పక్కకు జరుగు.

ఇంకొకటి, అన్నిటికంటే ముఖ్యమైనది. కాయను రెండు చేతులా ఇనుప మొన మీదికి దించుతున్న మనిషి కళ్లలో చెప్పకుండా ఫ్లాష్ కొట్టకు. తృటిలో చెయ్యి తప్పుతుంది. ముందు అడుగు, పనిలో లేనప్పుడు ఒకసారి వెలిగించి చూపించు, ఆయన సరేనన్నాకే కెమెరా ఎత్తు.