నిజం జుట్టా కాదా అని మీ కళ్ళు అడుగుతున్నాయి, ఇబ్బంది అక్కడే

మీ ప్రశ్న: "డల్లాస్‌లో ఉంటాను. రైల్లో, షాపుల్లో నడుం దాకా జుట్టున్న బ్లాక్ అమ్మాయిలు కనిపిస్తే చూడకుండా ఉండలేను. మెచ్చుకుంటూనే చూస్తాను. వాళ్ళకి ఎలా అనిపిస్తుంది?"

చూపు ఎక్కడ ఆగిందన్నదాన్ని బట్టి ఉంటుందండీ. మొహం మీద పడి, జడ చివరిదాకా జారి, తన దారిన తాను వెళ్ళిపోయే చూపుని ఎవరూ పట్టించుకోరు. చాలామంది ముచ్చటపడతారు కూడా, అంత సేపు కూర్చుని వేయించుకున్నది పదిమందీ చూడాలనే కదా. చూపు పాపిట దగ్గర, నుదుటి అంచున, చెవి వెనక ఆగిందా, అతుకు ఎక్కడుందో వెతుకుతున్నారని ఆమెకి ఆ క్షణమే తెలిసిపోతుంది. చిన్నప్పటి నుంచి ఆ చూపులోనే పెరిగింది మరి.

పాతకాలం పెళ్ళిచూపుల్లో ఒక పెద్దావిడ "ఏదీ, ఇటు తిరుగమ్మా" అంటూ జడ చేతిలోకి తీసుకుని, సవరం పెట్టారేమోనని కుదుళ్ళ దాకా తడిమి చూసేది. అప్పుడు ఆ పిల్లకి ఎలా ఉండేదో అలాగే ఉంటుంది ఈవిడకి. పెళ్ళిచూపులు ఒక్కపూటతో అయిపోతాయి, ఈవిడకి ఆఫీసులో, లిఫ్టులో, చెకౌట్ లైన్లో రోజూ ఉంటాయి.

ఈ తనిఖీ వెనక ఒక నమ్మకం ఉంది: వాళ్ళ జుట్టు పెరగదని. శుద్ధ తప్పు. ఆఫ్రికా మూలాల జుట్టు నెలకి సుమారు ముప్పావు సెంటీమీటరు నుంచి ఒక సెంటీమీటరు పెరుగుతుంది. మనది ఒక సెంటీమీటరు, ఇంకాస్త పైన. తేడా అంతే. పెరగకపోవడం కాదు, చివర్లు విరగడం అసలు సమస్య. ఆ వెంట్రుకని అడ్డంగా కోసి చూస్తే గుండ్రంగా ఉండదు, నొక్కినట్టు చదునుగా ఉంటుంది. స్ప్రింగులా మెలికలు తిరుగుతుంది. తలలో ఊరే నూనె ఆ మెలికల గుండా చివరిదాకా దిగదు, చివర్లు ఎండిపోతాయి. ప్రతి మెలిక దగ్గరా వెంట్రుక కాస్త బలహీనం. పొడిగా ఉన్నప్పుడు దువ్వెన పెట్టారా, పుటుక్కున తెగుతుంది. ఒక్క వెంట్రుకే తనలో తాను ముడిపడిపోవడం కూడా మామూలే. ఆ ముడిని విప్పలేరు, కత్తిరించాల్సిందే. కాబట్టి సొంత జుట్టు నడుం దాకా ఉందంటే కనీసం ఆరేడేళ్ళు చివర్లు విరక్కుండా కాపాడుకుందని అర్థం.

అలా కాపాడటం ఎంత పనో చెప్పాలి, లేకపోతే మీ మెచ్చుకోలు దేనికో మీకే తెలీదు. తలస్నానానికి సగం రోజు పోతుంది. జుట్టుని ఆరు నుంచి ఎనిమిది పాయలు చేసి క్లిప్పులు పెట్టాలి. షాంపూ మాడుకే, పొడవునా రుద్దకూడదు. తర్వాత ఒక్కో పాయకీ చేతినిండా కండీషనర్ పట్టించి, తడిగా ఉన్నప్పుడే ముందు వేళ్ళతో, ఆ తర్వాత వెడల్పు పళ్ళ దువ్వెనతో చిక్కు తీయాలి. చివర్ల నుంచి మొదలుపెట్టి కొంచెం కొంచెంగా పైకి వెళ్ళాలి. పైనుంచి లాగితే చిక్కంతా కింద గుట్టపడి తెగుతుంది. కడిగాక లీవ్-ఇన్ కండీషనర్ (రాసి కడగకుండా వదిలేసేది), దాని మీద ఆ తడి ఆవిరైపోకుండా నూనె గానీ షియా బటర్ గానీ. తర్వాత పాయ పాయనీ మెలి తిప్పి ఆరబెట్టాలి. ఒత్తుగా ఉంటే పూర్తిగా ఆరడానికి ఒక రోజు పడుతుంది. తొందరపడి విప్పితే మెలిక నిలవదు, చింపిరిగా లేస్తుంది. రాత్రిళ్ళు శాటిన్ బోనెట్, అంటే జుట్టంతా కప్పే నున్నటి టోపీ. నూలు గలేబు తేమని పీల్చేసి వెంట్రుకని రాపాడిస్తుంది.

ఇంత చేశాక కూడా పొడవు బయటికి కనిపించదు! గట్టి మెలికల జుట్టు, దాన్నే 4సీ అంటారు, ఆరాక అసలు పొడవులో నాలుగో వంతుకి కూడా ముడుచుకుపోగలదు. సోమవారం చెవుల దాకా ఉన్న మనిషి, శుక్రవారం ఇస్త్రీ చేసినట్టు సిల్క్ ప్రెస్ చేయించుకుని వస్తే వీపు సగం దాకా ఉంటుంది. "వారంలో ఎలా పెరిగింది?" అని ఆఫీసులో ఎవరో ఒకరు అడక్క మానరు. పెరగలేదు, సాగింది. ఆ సిల్క్ ప్రెస్ కూడా జాగ్రత్తగా చేయాలి. 200 డిగ్రీల సెల్సియస్ దాటించి మళ్ళీ మళ్ళీ గీస్తే మెలిక శాశ్వతంగా పోతుంది, తర్వాత ఎంత తడిపినా తిరిగి రాదు. బాగా కుదిరిందే అనుకున్నా చెమటో, వర్షమో, గాలిలో తేమో తగిలితే గంటలో మొదటికొస్తుంది. హ్యూస్టన్ లాంటి ఊళ్ళో జులైలో దాని మీద డబ్బు పెట్టడం నన్నడిగితే దండగ.

ఇక అతికించిన జుట్టు. "అబ్బే, అది నిజం కాదులే" అనేస్తారు మనవాళ్ళు, అక్కడితో కథ ముగిసినట్టు. నడుం దాకా బాక్స్ బ్రెయిడ్స్ వేయాలంటే కానెకలాన్ అనే ప్లాస్టిక్ నార జుట్టు ఆరు నుంచి ఎనిమిది ప్యాకెట్లు పడుతుంది. తలని చిన్న చిన్న చదరాలుగా విడదీసి, ఒక్కో చదరంలోని సొంత జుట్టుతో కలిపి అల్లుతారు. జడలు సన్నం కొద్దీ నాలుగు గంటల నుంచి ఎనిమిది గంటలు, కొన్నిసార్లు ఇంకా ఎక్కువ. ఆఖర్న చివర్లని వేడినీళ్ళలో ముంచి అతుకుతారు. ఆ ప్లాస్టిక్ నారకి క్షార పూత ఉంటుందని, మాడు దురద పెడితే చాలాసార్లు కారణం అదేనని అంటారు. ముందురోజు నీళ్ళలో యాపిల్ సైడర్ వెనిగర్ కలిపి నానబెడితే తెల్లటి పొర తేలి బయటికొస్తుంది. ఆ జడలు ఆరు నుంచి ఎనిమిది వారాలే ఉంచాలి. పాతబడి బరువెక్కితే, లేదా నుదుటి దగ్గర మరీ బిగించి అల్లితే, కుదుళ్ళ దగ్గర చిన్న పొక్కులు వస్తాయి. అప్పుడే విప్పేయకపోతే ముందువైపు జుట్టు ఊడి, మళ్ళీ మొలవని స్థితికి రావచ్చు. బిగువు లేకుండా మొదలుపెట్టే నాట్‌లెస్ పద్ధతి అందుకే ఇంత పాకింది.

కుట్టు పద్ధతి వేరే. తలకి అంటి అల్లిన జడల మీద వంకర సూదితో, దారంతో జుట్టు వరసల్ని కుడతారు. 20 అంగుళాల పొడవుకి 100 గ్రాముల కట్టలు మూడు కావాలి. తల కడిగాక పైన ఆరిపోతుంది, అడుగున జడలు తడిగానే ఉంటాయి. డ్రయ్యర్ కింద గంట కూర్చోకపోతే మూడో రోజుకి ముక్కవాసన.

ఆ కట్టల్లోని జుట్టు ఎక్కడిదో మనకి తెలియాలి కదా. ప్యాకెట్ మీద "బ్రెజిలియన్" అనో "పెరూవియన్" అనో ఉంటుంది, అవి చాలామటుకు వ్యాపారం పేర్లే. దాంట్లో మన దేశపు జుట్టు బోలెడు. తిరుమల కల్యాణకట్టలో భక్తులు ఇచ్చిన తలనీలాల్ని పొడవుని బట్టి వేరు చేసి, దేవస్థానం వేలం వేస్తుంది, అక్కడి నుంచి ఎగుమతిదారులకి చేరుతుంది. మొదలూ చివరా ఒకే దిశలో ఉంటాయి కాబట్టి ఆ జుట్టు చిక్కుపడదు, దానికే ధర. వీధుల్లో స్టీలు గిన్నెలిచ్చి కొనుక్కునే చిక్కు జుట్టు ఇంకో రకం. దాంట్లో వెంట్రుకలు తలకిందులుగా కలిసిపోయి ఉంటాయి, యాసిడ్‌తో పైపొర తీసేసి సిలికాన్ పూస్తారు. నాలుగు స్నానాలకి పూత పోయి ఉండ కడుతుంది. మీరు రైల్లో తేరిపార చూసే ఆ జుట్టు మీ పక్క ఊరి ఆవిడ మొక్కు అయ్యుండొచ్చు. నిజమా అబద్ధమా అంటే ఏం చెబుతాం, ఎవరో ఒకరి నిజమైన జుట్టే.

ఇంకో మాట కూడా ఇక్కడే అనేస్తాను. ఇండియన్ షాపుల్లో క్యూలో నిలబడి, "సవరమే అయ్యుంటుంది" అని పక్కవాళ్ళతో తెలుగులో అనుకోవడం మానండి. భాష అర్థం కాకపోవచ్చు. గడ్డంతో ఆమె తలవైపు చూపించడం ఏ భాషలోనైనా అర్థమవుతుంది.

మెచ్చుకుంటే తప్పేంటి అంటారు. 2013 జూన్‌లో న్యూయార్క్ యూనియన్ స్క్వేర్‌లో జరిగింది తెలుసుకోవాలి. నల్లజాతి మహిళల జుట్టు గురించి ఒక వెబ్‌సైట్ నడిపేవాళ్ళు అక్కడో ప్రయోగం చేశారు. రకరకాల జుట్టున్న మహిళలు "మీరు నా జుట్టు ముట్టుకోవచ్చు" అన్న అట్టలు పట్టుకుని నిలబడ్డారు. దారినపోయేవాళ్ళు ఆగారు, ముట్టుకున్నారు, ఇన్నాళ్ళూ అడగలేకపోయినవి అడిగారు. కుతూహలాన్ని దాచుకునే బదులు బయటపెడితే మాట కలుస్తుందని నిర్వాహకుల ఉద్దేశం. ఆ అట్టలు చూసి ఇతర నల్లజాతి మహిళలకి ఒళ్ళు మండింది. "ముట్టుకోవడానికి వీల్లేదు" అని తమ అట్టలు రాసుకుని అక్కడికే వచ్చి నిలబడ్డారు. విమర్శించినవాళ్ళు సారా బార్ట్‌మన్‌ని గుర్తుచేశారు. దక్షిణాఫ్రికా నుంచి 1810లో లండన్ తీసుకెళ్ళి, ఒంటి తీరు చూడమని టికెట్టు పెట్టి జనానికి ప్రదర్శించిన స్త్రీ ఆమె. ఒకే చోట, ఒకే రోజున, ఒకే జాతి ఆడవాళ్ళు రెండు రకాల అట్టలు పట్టుకున్నారు. కాబట్టి "వాళ్ళకి ఎలా అనిపిస్తుంది" అన్నదానికి ఒక్క జవాబు లేదు. నా ఓటు మాత్రం రెండో అట్టకి. పిలిచి ముట్టుకోమన్నప్పుడు కూడా వచ్చినవాళ్ళు చూసింది ఒక వింతని. పక్కన నిలబడ్డ మనిషి గురించి ఎంతమంది అడిగి ఉంటారు?

పైగా ఆ చూపు ఊరికే పోదు, దానికో ఖరీదు ఉంది. 1786లో, అప్పటికి స్పెయిన్ ఏలుబడిలో ఉన్న లూయిజియానాలో, గవర్నర్ మీరో బానిసలు కాని నల్లజాతి స్త్రీలు తలకి గుడ్డ కట్టుకోవాలని ఉత్తర్వు ఇచ్చాడు. వాళ్ళ జుట్టు అలంకారం జనం కళ్ళని లాగుతోందని. వాళ్ళు ఆ గుడ్డనే రంగురంగులుగా, నగలతో, ఈకలతో కట్టి ఇంకా అందంగా తిరిగారనుకోండి. 2010లో అలబామాలో ఒకావిడ లాక్స్ (తాళ్ళలా పేనుకుపోయిన జుట్టు పాయలు) కత్తిరించుకోనందుకు చేతికొచ్చిన ఉద్యోగం పోయింది. అప్పీలు కోర్టు 2016లో కంపెనీ వైపే తీర్పు చెప్పింది, జుట్టు తీరు మార్చుకోగలిగినదే కదా అని. ఆ తర్వాతే 2019 జులైలో జుట్టు తీరుని బట్టి వివక్ష చూపకూడదనే క్రౌన్ చట్టాన్ని కాలిఫోర్నియా తెచ్చింది, ఇతర రాష్ట్రాలు వరసకట్టాయి. మీరుంటున్న టెక్సస్‌లో 2023 సెప్టెంబరు 1 నుంచి ఉంది. విమానాశ్రయంలో స్కానర్ ఒత్తు జుట్టు దగ్గర తలమీద గుర్తు చూపిస్తుంది, గ్లవ్స్ చేతులతో జడలన్నీ నొక్కి చూస్తారు. పౌరహక్కుల సంస్థ ఏసీఎల్‌యూ తెచ్చిన ఫిర్యాదు మీద 2015లో విమానాశ్రయాల తనిఖీ చూసే టీఎస్ఏ తన సిబ్బందికి శిక్షణ ఇస్తామని ఒప్పుకుంది. ఇవన్నీ తలలో ఉన్న మనిషి మీ చూపులో మెచ్చుకోలుని వెతికి తీసుకోవాలంటే ఆమెకి అంత తీరిక ఉండాలి.

మన దగ్గరా తక్కువేం కాదు. హైదరాబాద్‌లో టోలీచౌకి వైపు, ఉస్మానియాలో చదువుకునే ఆఫ్రికన్ అమ్మాయిల్ని బస్సులో ఎలా చూస్తారో చూసినవాళ్ళకి తెలుసు.

చెయ్యి వేయడం గురించి మీరు అడగలేదు గానీ చూపు తర్వాత వచ్చేది అదే. వద్దు. కొత్తగా అల్లిన జడలు మొదటి రెండు మూడు రోజులు కుదుళ్ళ దగ్గర సలుపుతాయి, ఒకటి పట్టి లాగితే ప్రాణం పోయినంత పని. ఆరబెట్టి విప్పిన మెలికల్లో వేళ్ళు పోనిస్తే సగం రోజు పని చెదిరిపోతుంది. లేస్ విగ్గు అంచు గమ్‌తో అంటించి ఉంటుంది, చెమట పట్టినప్పుడు కదిలిస్తే లేస్తుంది, నడిబజార్లో. పిల్లలు చెయ్యి చాచితే ఆపి సారీ చెప్పండి, "పాపం చిన్నపిల్ల" అని నవ్వకండి.

చెప్పాలనిపిస్తే కళ్ళలోకి చూసి "మీ జుట్టు చాలా బాగుంది" అనండి, నడవండి. "ఇది మీదేనా", "ఎన్నాళ్ళు పట్టింది", "ఎలా కడుగుతారు" అన్న తోకలు వద్దు. నిజంగా మీకూ వేయించుకోవాలని ఉంటే "ఎవరు వేశారు?" అని అడగండి, ఈ ఒక్క ప్రశ్నకి చాలామంది సంతోషంగా ఫోన్ తీసి జడలు వేసిన అమ్మాయి పేజీ చూపిస్తారు. కాకపోతే మన జారుడు జుట్టుకి నాట్‌లెస్ నిలవడం కష్టం, వేర్ల దగ్గర నుంచే కిందికి జారుతుంది. వెళ్ళే ముందురోజు తలంటుకుని నూనె, కండీషనర్ లేకుండా వెళ్ళండి. బడులు తెరిచే ఆగస్టులోనూ క్రిస్మస్ ముందూ అపాయింట్‌మెంట్ దొరకదు, అక్టోబరులో అడిగి చూడండి.